సర్వరుకు రెండవ కనెక్షన్: ఇంటర్నెట్ నిలిచిపోకుండా చేయవలసిన ఏర్పాట్లు

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్ నగరంలోని జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నివాసస్థానం మాత్రమే కాదు, కార్యస్థానం కూడా. ఎడిటింగ్ గదులు, డబ్బింగ్ థియేటర్లు, రంగుల సవరణ జరిగే డీఐ గదులు, విజువల్ ఎఫెక్ట్స్ సంస్థలు ఈ కొండవాలు వీధులలో ఒకదాని ప్రక్కన ఒకటి పనిచేస్తున్నవి. వీటిలో అత్యధికం నేడు సర్వర్ల మీద ఆధారపడినవే. ఆ సర్వర్లకు ఒకటికి బదులు రెండు నెట్‌వర్క్ కనెక్షన్లు ఇవ్వడం పరిపాటిగా మారినది. ఒకటి బయటి ఇంటర్నెట్ కొరకు. రెండవది సంస్థ లోపలి నిల్వ యంత్రాల కొరకు కావచ్చును, వేరొక నగరంలోని సహసంస్థతో కలిపే వీపీఎన్ కావచ్చును, లేదా మొదటి లైను తెగినప్పుడు ఆదుకొనుటకు తీసికొన్న మరొక కంపెనీ లైను కావచ్చును.

ఈ రెండవ కనెక్షన్ కలిపిన మరుక్షణం ఇంటర్నెట్ ఆగిపోయినదనే ఫిర్యాదు తరచుగా వినవస్తున్నది. ఇది చిత్రసీమకే పరిమితమైన సమస్య కాదు. రాష్ట్రవ్యాప్త నెట్‌వర్క్‌ను, బ్రాడ్‌బ్యాండ్‌ను ఒకే యంత్రానికి కలిపిన ప్రభుత్వ కార్యాలయాలలోనూ ఇదే జరుగుతున్నది. ఇట్టి సందర్భాలలో లైను ఇచ్చిన కంపెనీకి ఫోను చేయడం, వారు వచ్చి తమ లైను సక్రమంగానే ఉన్నదని చెప్పి వెళ్ళడం, దాని మీద వాగ్వాదం చెలరేగడం మామూలైనది. అనేక పర్యాయాలు కంపెనీ వారి మాటయే నిజం. లోపం తీగలో లేదు, సర్వరుకు దారి చూపే పట్టికలో ఉన్నది. ఆ పట్టిక ఎట్లు పనిచేయునో, దానిని ఎట్లు సరిదిద్దవలెనో పాత్రికేయ మిత్రులకు, కార్యాలయాధికారులకు తెలియజేయుటయే ఈ వ్యాస ఉద్దేశం. దీనిని వ్రాయుచున్నవారు ఆర్ట్స్ పట్టభద్రులు గనుక, సాంకేతిక పరిభాషను అవసరమైనంత మేరకే వాడడమైనది.

రెండు లైన్లు ఎందుకు?

ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. 2005లో వెలువడిన డిజిటల్ సినిమా ప్రమాణాల ప్రకారం థియేటరులో ప్రదర్శించే బొమ్మ సెకనుకు గరిష్ఠంగా 250 మెగాబిట్ల మేర ఉండవచ్చును. రెండున్నర గంటల చిత్రమనగా 9,000 సెకన్లు. ఆ గరిష్ఠ స్థాయిలో లెక్కించినచో బొమ్మ ఒక్కటే సుమారు 281 గిగాబైట్లు అగును. సెకనుకు 100 మెగాబిట్ల బ్రాడ్‌బ్యాండ్ లైను పూర్తి వేగంతో, ఏ అంతరాయం లేకుండా పనిచేసినను దీనిని పంపుటకు ఆరుగంటల పావు పట్టును. అదే చిత్రాన్ని సంస్థ లోపల 10 గిగాబిట్ల కేబులు మీద ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి పంపినచో, లెక్క ప్రకారం నాలుగు నిమిషాల లోపే చేరును. ఇది పూర్తయిన చిత్రపు లెక్క. కెమెరా నుండి నేరుగా వచ్చే ముడి దృశ్యాలు దీనికి ఎన్నో రెట్లు అధికం. ఇంత భారాన్ని ఇంటర్నెట్‌కు వాడే చిన్న లైను మీదనే మోయించడం సాధ్యం కాదు కనుక, లోపలి పనికి ప్రత్యేక కార్డు, ప్రత్యేక కేబులు తప్పనిసరి అగుచున్నవి.

భద్రత మరొక కారణం. 'అత్తారింటికి దారేది' చిత్రంలోని పెద్ద భాగం 2013 సెప్టెంబరులో విడుదలకు ముందే బయటకు పొక్కిన ఉదంతం, 2016 నవంబరులో 'బాహుబలి' రెండవ భాగపు యుద్ధ దృశ్యాలు బయటపడిన ఉదంతం పరిశ్రమ నేటికీ మరువలేదు. ఆ రెండూ నెట్‌వర్క్ లోపం వలన జరిగినవని చెప్పుటకు వీలు లేదు. చిత్రం మీద పనిచేయుచున్నవారి చేతుల మీదుగా ప్రతులు బయటకు వెళ్ళినవన్నదే నాటి పోలీసు కేసుల సారాంశం. అయినను, దృశ్యాలు ఉండే నెట్‌వర్క్ వేరు, ఇంటర్నెట్ ఉండే నెట్‌వర్క్ వేరు అనే నియమం అటు తరువాత గట్టిపడినది. అమెరికా చలనచిత్ర సంస్థల సంఘం 2018లో మరొక సంస్థతో కలిసి ప్రారంభించిన ట్రస్టెడ్ పార్ట్‌నర్ నెట్‌వర్క్ భద్రతా మదింపులోనూ ఈ వేర్పాటుకు ప్రాధాన్యం ఉన్నది. విదేశీ చిత్రాల పని చేయదలచిన సంస్థలు దీనిని పాటించవలసి వచ్చుచున్నది.

ఇక మూడవ కారణం మన నగరం మనకు చూపినదే. 2025 ఆగస్టు 17వ తేదీ రాత్రి రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్ తగిలి ఐదుగురు మరణించిన దుర్ఘటన అనంతరం, దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ సిబ్బంది నగరమంతటా స్తంభాల మీద వ్రేలాడుతున్న కేబుళ్ళను పెద్దయెత్తున తొలగించినారు. ప్రాణరక్షణ కొరకు తీసికొన్న చర్య అది. దాని పర్యవసానంగా అనేక ప్రాంతాలలో ఇంటర్నెట్ నిలిచిపోయినది. వివాదం హైకోర్టు వరకు వెళ్ళినది. అప్పుడు కొందరికి అనుభవంలోకి వచ్చిన సత్యం ఒకటి ఉన్నది. రెండు వేర్వేరు కంపెనీల నుండి లైన్లు తీసికొని, నెలనెలా రెండు బిల్లులు కట్టుచున్నను, ఆ రెండు తీగలూ ఒకే స్తంభం మీదుగా వచ్చుచున్నచో అవి రెండు లైన్లు కావు, ఒకే లైను. ఒక్క కత్తెర దెబ్బకు రెండూ పోవును.

జూబ్లీహిల్స్ నేల గ్రానైట్ బండ. ఇచ్చట భూమిలో గొట్టాలు వేయడం వ్యయప్రయాసలతో కూడిన పని కనుకనే స్తంభాల మీద తీగల ఆశ్రయం ఇంతగా పెరిగినది. కావున రెండవ లైను తీసికొనునప్పుడు 'ఏ కంపెనీ' అని మాత్రమే అడిగిన చాలదు. 'ఏ మార్గాన' అని అడుగవలెను. ఒకటి స్తంభాల మీద నుండి వచ్చినచో రెండవది భూగర్భ మార్గం నుండిగాని, మొబైల్ నెట్‌వర్క్ నుండిగాని, మిద్దె మీది వైర్‌లెస్ ద్వారాగాని ఉండుట మేలు. ఇది సాంకేతిక నిపుణుడు వచ్చి చెప్పవలసిన విషయం కాదు. వీధిలోకి వచ్చి తల ఎత్తి చూచినచో తెలియును.

దారి చూపే పట్టిక

ప్రతి సర్వరులోనూ రూటింగ్ పట్టిక అనేది ఒకటి ఉండును. ఏ చిరునామాకు పోవలసిన సమాచారాన్ని ఏ కార్డు గుండా పంపవలెనో అందులో వ్రాసి ఉండును. సర్వరు తనకు పొరుగున ఉన్న యంత్రాల చిరునామాలను నేరుగా ఎరుగును. ఎరుగని చిరునామా తారసపడినప్పుడు దానిని డిఫాల్ట్ గేట్‌వేకు అప్పగించును. కూడలిలో 'ఇతర ఊళ్ళన్నిటికీ ఇటు' అని చూపే బోర్డు వంటిది ఇది. ఇంటర్నెట్‌లోని కోట్లాది చిరునామాలలో దాదాపు అన్నియు సర్వరుకు ఎరుగని ఊళ్ళే. కనుక ఇంటర్నెట్ అంతయు ఈ ఒక్క బోర్డు మీద ఆధారపడి ఉన్నది.

ఫిలింనగర్‌లో ఒక కూడలి వద్ద 'ఇతర ఊళ్ళన్నిటికీ ఇటు' అని చెక్‌పోస్టు వైపు ఒక బోర్డు, అదే వాక్యంతో షేక్‌పేట వైపు మరొక బోర్డు పాతినచో కొత్తగా వచ్చిన డ్రైవరు గతి ఏమగునో ఊహించవచ్చును. సర్వరుకు రెండవ కార్డు పెట్టి, దానికి కూడ గేట్‌వే గడిని నింపినప్పుడు జరిగేది సరిగా ఇదే. ఆ రెండవ దారి సంస్థ లోపలి నిల్వ గదికి మాత్రమే పోవును. అచ్చటి నుండి బయటకు మార్గం లేదు. ఇంటర్నెట్‌కు పోవలసిన సమాచారం ఆ గదిలోనికి పోయి అచ్చటనే అంతరించును.

రెండు బోర్డులు ఉన్నప్పుడు సర్వరు దేనిని అనుసరించును? ప్రతి దారికి మెట్రిక్ అనే ఒక సంఖ్య ఉండును. తక్కువ సంఖ్య గల దారికే మొగ్గు. ఇచ్చటనే చిత్రసీమ సర్వర్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. విండోస్ తనంతట తాను ఈ సంఖ్యను కార్డు వేగాన్ని బట్టి నిర్ణయించును. వేగం ఎక్కువైనకొలది సంఖ్య తగ్గును. విండోస్ 10లో 1 గిగాబిట్ కార్డుకు 25, 10 గిగాబిట్ కార్డుకు 15 వచ్చును. ఇంటర్నెట్ వచ్చేది 1 గిగాబిట్ కార్డు మీద. దృశ్యాల నిల్వకు పోయేది 10 గిగాబిట్ కార్డు మీద. రెండు కార్డులకూ గేట్‌వేను చేతితోనే వ్రాసినచో, వేగవంతమైన లోపలి కార్డే గెలుచును, ఇంటర్నెట్ ఆగును. ఎంత ఖరీదైన కార్డు కొన్నచో అంత ఖాయంగా ఆగుననుట విడ్డూరంగా తోచవచ్చును గాని, యంత్రం తనకు చెప్పిన నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించినది. రెండవ గేట్‌వే నింపునప్పుడు ఇది సరియైన పద్ధతి కాకపోవచ్చునని విండోస్ ఒక హెచ్చరిక కూడ చూపును. దానిని చదువకుండ 'అవును' నొక్కి ముందుకు సాగుటయే మనవారి అలవాటు.

లినక్స్ సర్వర్లలోనూ సూత్రం ఇదే, అంకెలు వేరు. నెట్‌వర్క్ మేనేజర్ అనే సాధనం వాడుచున్న లినక్స్ యంత్రాలలో సాధారణంగా వీపీఎన్‌కు 50, కేబులుకు 100, వైఫైకి 600 చొప్పున మెట్రిక్ వచ్చును. అనగా వీపీఎన్ కలిపిన తక్షణం కేబులును త్రోసిరాజని అదియే ప్రధాన మార్గం కాగలదు. ముంబయి లేదా చెన్నై సహసంస్థతో వీపీఎన్ కలుపగానే ఇచ్చట ఇంటర్నెట్ మందగించుటకో, పూర్తిగా ఆగుటకో కారణం ఇదే.

సరిదిద్దు పద్ధతి

సూత్రం ఒక్క వాక్యంలో చెప్పవచ్చును. డిఫాల్ట్ గేట్‌వే ఒక్కటే ఉండవలెను, అది ఇంటర్నెట్ వచ్చే కార్డుకే ఉండవలెను.

ఒక ఉదాహరణ తీసికొందము. ఇంటర్నెట్ కార్డు చిరునామా 203.0.113.10, దాని గేట్‌వే 203.0.113.1 అనుకొందము. (203.0.113తో మొదలయ్యే చిరునామాలను ఉదాహరణల కొరకే 2010లో ప్రత్యేకించినారు. అవి ఎవరికీ చెందవు.) లోపలి కార్డు చిరునామా 10.20.0.5. నిల్వ యంత్రం కూడ 10.20తోనే మొదలయ్యే పొరుగు చిరునామాలో ఉన్నచో లోపలి కార్డుకు గేట్‌వేయే అక్కరలేదు. ఆ గడిని ఖాళీగా వదలిపెట్టవలెను. పొరుగింటికి పోవుటకు ఊరి బోర్డుతో పని లేదు గదా.

ఒకవేళ డీఐ గది యంత్రాలు 10.30తో మొదలయ్యే వేరొక విభాగంలో ఉన్నచో, అప్పుడును గేట్‌వే గడిని నింపరాదు. '10.30తో మొదలయ్యే చిరునామాలకు 10.20.0.1 ద్వారా పోవలెను' అని పట్టికలో ఒక ప్రత్యేక పంక్తి చేర్చవలెను. దీనినే స్టాటిక్ రూట్ అందురు. 'ఇతర ఊళ్ళన్నిటికీ' అనే బోర్డు కాక 'డీఐ గదికి మాత్రమే' అనే బోర్డు ఇది. పట్టికలో నిర్దిష్టమైన పంక్తి ఎల్లప్పుడూ సాధారణ పంక్తిని మించును కనుక రెండింటికీ తగవు రాదు.

ఇందులో ఒక మెలకువ ఉన్నది. ఆదేశం టైపు చేసి చేర్చిన స్టాటిక్ రూట్, శాశ్వతమని ప్రత్యేకంగా సూచించనిచో, యంత్రం ఆగి తిరిగి ప్రారంభమైనప్పుడు చెరిగిపోవును. విండోస్‌లో ఆ ఆదేశానికి ఒక చిన్న అక్షరం అదనంగా చేర్చవలెను. లినక్స్‌లో అమరికల ఫైలులో వ్రాయవలెను. సోమవారం సరిచేసిన సర్వరు గురువారం కరెంటు పోయి వచ్చిన తరువాత మరల మొండికెత్తినదనే ఫిర్యాదులకు మూలం తరచు ఇదే. మరమ్మతు చేసిన నిపుణుని ముందే యంత్రాన్ని ఒకసారి ఆపి, తిరిగి ప్రారంభింపజేసి చూపించమని కోరుట ఉత్తమం.

వీపీఎన్ విషయంలో మార్గం ఇంకను సులభం. విండోస్‌లో 'దూరపు నెట్‌వర్క్ గేట్‌వేను వాడుము' అనే గడిలోని టిక్కును తీసివేయవలెను. లినక్స్ అమరికలలో 'ఈ కనెక్షన్‌ను దాని సొంత నెట్‌వర్క్ వనరులకే వాడుము' అనే గడికి టిక్కు పెట్టవలెను. అప్పుడు సహసంస్థకు పోవలసినది మాత్రమే వీపీఎన్ గుండా పోవును. అయితే కొన్ని నిర్మాణ సంస్థలు తమ వీపీఎన్ కలిపి ఉన్నంతసేపు మరే ఇంటర్నెట్ ఉండరాదని ఒప్పందంలోనే వ్రాయుచున్నవి. అచ్చట ఆగిపోవుటయే వారి కోరిక. ఒప్పందం చదువకుండ టిక్కు తీసివేయుట సాంకేతికంగా సరియైనను, వ్యవహారపరంగా తప్పగును.

రెండూ ఇంటర్నెట్ లైన్లే అయినచో

రెండు కంపెనీల ఇంటర్నెట్ లైన్లను ఒకే సర్వరుకు కలిపినప్పుడు వచ్చే చిక్కు మరింత సూక్ష్మమైనది. బయటి నుండి ఎవరో రెండవ లైను చిరునామాకు అభ్యర్థన పంపినారనుకొందము. అది రెండవ లైను గుండా లోనికి వచ్చును. సర్వరు జవాబు వ్రాయును. కాని జవాబును పంపునప్పుడు పట్టిక చూచి, డిఫాల్ట్ గేట్‌వే మొదటి లైనుది కనుక దాని గుండా పంపును. జవాబు మీద ఉన్నది రెండవ కంపెనీ చిరునామా, వెళ్ళునది మొదటి కంపెనీ దారిన. తమది కాని చిరునామాతో బయలుదేరిన సమాచారాన్ని తమ గడప దాటనీయవద్దని ఇంటర్నెట్ కంపెనీలకు 2000 సంవత్సరంలోనే ఒక సిఫారసు వెలువడినది. నకిలీ చిరునామాలతో జరిగే దాడులను అరికట్టుటకు చేసిన మంచి ఏర్పాటు అది. దానిని పాటించే కంపెనీ మన జవాబును నకిలీదిగా భావించి పారవేయును. అభ్యర్థించినవానికి సర్వరు మూగబోయినట్లు కనబడును. సర్వరు ముందు కూర్చున్నవానికి అంతయు సవ్యంగా కనబడును. ఇద్దరూ నిజమే చెప్పుచున్నను ఒకరినొకరు నమ్మరు.

దీనికి పరిష్కారం, వచ్చిన దారినే జవాబు పోవునట్లు చేయుట. లినక్స్‌లో రెండు వేర్వేరు రూటింగ్ పట్టికలను ఏర్పరచి, 'మొదటి చిరునామాతో బయలుదేరునది మొదటి పట్టికను, రెండవ చిరునామాతో బయలుదేరునది రెండవ పట్టికను చూడవలెను' అని నియమం వ్రాయుదురు. దీనిని పాలసీ రూటింగ్ అందురు. ఇంత చేసినను పని కానిచో, ఒక దారిన రావలసినది మరొక దారిన వచ్చినదని అనుమానించి లినక్స్ తానే సమాచారాన్ని నిరాకరించుచున్నదేమో చూడవలెను. రివర్స్ పాత్ ఫిల్టర్ అనే ఈ కాపలా కఠినస్థాయిలో ఉన్నచో సడలింపుస్థాయికి మార్చవచ్చును. 2004లో వెలువడిన మరొక ఇంటర్నెట్ పత్రం రెండు లైన్ల వారి కొరకు ఈ సడలింపునే వివరించినది. పూర్తిగా తొలగించుట మాత్రం తగదు.

చిన్న సంస్థలకు మా సూచన వేరు. సర్వరును ఈ పనిలోనికి దింపనే వద్దు. రెండు లైన్లను స్వీకరించే ఒక మంచి రూటరును ముందు పెట్టి, సర్వరుకు ఒక్క కేబులు, ఒక్క గేట్‌వే ఇచ్చినచో పై కథ అంతయు రూటరు చూచుకొనును. పెద్ద సంస్థలు తమకంటూ సొంత చిరునామాలను పొంది రెండు కంపెనీల ద్వారాను ప్రకటించుకొనవచ్చును. మన దేశంలో వాటిని నిక్సీ సంస్థకు చెందిన ఐఆర్ఐఎన్ఎన్ కేటాయించును. ఇరువురు ముగ్గురు పనిచేసే ఎడిటింగ్ గదికి అది పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే.

మరొక సామాన్య లోపాన్ని చెప్పకపోయినచో వ్యాసం అసంపూర్ణమగును. ఇళ్ళకు, చిన్న కార్యాలయాలకు కంపెనీలు ఇచ్చే రూటర్లలో అనేకం 192.168.1.1 అనే చిరునామాతోనే వచ్చును. రెండు కంపెనీల రూటర్లకూ అదే చిరునామా ఉన్నచో, సర్వరుకు రెండు వైపులా ఒకే ఇంటి నంబరు కనబడును. సాధారణ రూటింగ్ పట్టిక దీనిని పరిష్కరించలేదు. ఒక రూటరు చిరునామాల వరుసను 192.168.2కు మార్చినచో పది నిమిషాలలో సమస్య తీరును. దీనికొరకు రోజుల తరబడి తీగలు మార్చిన సందర్భాలు కలవు.

పేర్ల విషయం కూడ అట్టిదే. దారులన్నియు సవ్యంగా ఉన్నను, వెబ్‌సైటు పేరును చిరునామాగా మార్చే డీఎన్ఎస్ సర్వరును రెండవ కార్డు తన లోపలి సర్వరుగా మార్చివేసినచో ఏ పేజీయు తెరుచుకొనదు. చిరునామా అంకెలతో పలికినచో జవాబు వచ్చి, పేరుతో పలికినచో రానప్పుడు లోపం డీఎన్ఎస్‌లోనే ఉన్నదని నిర్ధారించవచ్చును.

వంతెనగా మారరాదు

ఇంటర్నెట్ నిలుపుకొనుట ఎంత ముఖ్యమో, దానికై లోపలి నెట్‌వర్క్ తలుపులు తెరువకుండుట అంత ముఖ్యం. రెండు కార్డులు గల సర్వరు రెండు లోకాల మధ్య నిలిచి ఉన్నది. ఒక కార్డుకు వచ్చిన సమాచారాన్ని రెండవ కార్డుకు అందించే ఫార్వర్డింగ్ అనే సదుపాయాన్ని ఆన్ చేసినచో అది వంతెన అగును. ఇంటర్నెట్ రాలేదని విసిగిన సిబ్బంది చిట్కాలు వెదకి ఇట్టి సదుపాయాలను ఒకదాని తరువాత ఒకటి ఆన్ చేసి, చివరకు ఏదో ఒకటి పనిచేసినదని సంతోషించుట సహజం. ఆ సాయంకాలం ఇంటర్నెట్ వచ్చును. దానితోపాటు విడుదల కాని చిత్రం ఉన్న నిల్వకు బయటి నుండి దారి కూడ ఏర్పడును. డిఫాల్ట్ గేట్‌వే సవరణకు ఫార్వర్డింగ్‌తో నిమిత్తం లేదు. ఎవరైనా ఆ రెండింటినీ కలిపి చెప్పినచో కారణం అడుగవలెను.

థియేటర్ల వైపు చూచినచో ప్రమాదం మరొక విధంగా ఉన్నది. డిజిటల్ సినిమా ప్రమాణాలను అనుసరించే సర్వర్లలో చిత్రం ముందే చేరి ఉన్నను, తాళంచెవి చేరనిదే బొమ్మ పడదు. ఆ తాళంచెవి ఒక చిన్న ఫైలు. ఏ సర్వరు మీద, ఏ తేదీ ఏ గంట నుండి ఏ గంట వరకు ఆ చిత్రం ఆడవచ్చునో అందులో ఉండును. వందల గిగాబైట్ల చిత్రం సిద్ధంగా ఉండగా, కొద్దిపాటి కిలోబైట్ల ఫైలు రాక తెల్లవారుజామున ప్రత్యేక ప్రదర్శనకు వచ్చిన ప్రేక్షకులు బయట నిలిచి ఉండుట ఎవరికీ మేలు కాదు. ఒకప్పుడు రీలు పెట్టె బస్సు దిగలేదని ఆట ఆలస్యమయ్యేది. నేడు బస్సు వచ్చినదో లేదో కూడ కంటికి కనబడదు. తాళంచెవిని పెన్‌డ్రైవు ద్వారా చేర్చు వెసులుబాటు ఉన్నదని థియేటరు సిబ్బందికి ముందే తెలిసి ఉండవలెను.

ప్రభుత్వ కార్యాలయాలకు

2005 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన రాష్ట్రవ్యాప్త నెట్‌వర్క్ పథకం క్రింద రాజధాని నుండి మండలం వరకు కనీసం 2 మెగాబిట్ల సంధానం లక్ష్యంగా నిర్ణయించినారు. తరువాతి కాలంలో అనేక కార్యాలయాలకు బ్రాడ్‌బ్యాండ్ కూడ వచ్చినది. ఆ రెండింటినీ ఒకే కంప్యూటరుకు కలిపినప్పుడు ఇంతవరకు చెప్పినదంతయు వర్తించును. బిల్లులు పెట్టే లోపలి వెబ్‌సైటు తెరుచుకొన్నప్పుడు బయటి ఈ-మెయిల్ రాదు, ఈ-మెయిల్ వచ్చినప్పుడు బిల్లు పోదు. సిబ్బంది ఒక తీగ పీకి మరొక తీగ గుచ్చుచు దినం గడుపుదురు. పై ఉదాహరణలోని స్టాటిక్ రూట్ ఒక్కటి దీనిని తీర్చును. అయితే ప్రభుత్వ నెట్‌వర్క్ విషయంలో ఆ మార్పును నెట్‌వర్క్ నిర్వాహకుల అనుమతితోనే చేయవలెను. వంతెన ప్రమాదం ఇచ్చట ఒక సినిమాకు కాదు, పౌరుల వివరాలకు.

ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి ప్రారంభించిన ఫైబర్‌నెట్ తీగలు చాలవరకు విద్యుత్ స్తంభాల మీదుగానే సాగినవి. కనుక అచ్చటి కార్యాలయాలు రెండవ లైను ఎంచుకొనునప్పుడు జూబ్లీహిల్స్ అనుభవాన్ని గుర్తుంచుకొనుట మంచిది.

పాత్రికేయ మిత్రులకు ఒక విన్నపం. సర్వరు అందుబాటులో లేదనగానే 'హ్యాకింగ్' అనే పదం వార్తాశీర్షికలలోనికి త్వరగా చేరుచున్నది. ఆ పదం వాడుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగవచ్చును. ఆ దినమున కొత్త కనెక్షన్ ఏదైనా కలిపినారా? సర్వరు లోపల పనిచేయుచు బయటకు మాత్రమే కనబడకున్నదా? సమాచారం పోయినదా, లేక దారి మాత్రమే పోయినదా? మూడవదానికి జవాబు రానిచో అట్లు రాలేదనియే వ్రాయుట పాఠకునికి మేలు.

ఇక పరీక్షించు పద్ధతి. రెండవ లైను ఆపత్కాలంలో ఆదుకొనునో లేదో తెలిసికొనుటకు సర్వరు వెనుక తీగను పీకి చూచినచో చాలదు. నిజజీవితంలో తీగ తెగేది సర్వరు వెనుక కాదు, వీధి చివరన. అప్పుడు గోడ మీది రూటరు దీపం వెలుగుచునే ఉండును, కార్డు కూడ లైను ఉన్నదనియే భావించును, మార్పు జరుగదు. కావున గేట్‌వే వరకు కాక, దానికి ఆవల బయటి ఇంటర్నెట్‌లోని రెండు మూడు చిరునామాలను నిర్ణీత వ్యవధిలో పలుకరించి చూచునట్లు రూటరును అమర్చవలెను. పరీక్షకు ఫైబరు వచ్చి చేరే పెట్టె వద్ద బయటి తీగను తీసివేయవలెను. ఆ సమయంలో ఒక పెద్ద ఫైలును పంపుచు ఉండుట మంచిది. లైను మారినప్పుడు చిరునామా కూడ మారును కనుక సగంలో ఉన్న ఫైలు ఆగిపోవును. అది ఆగిన చోటనే తిరిగి మొదలగునో, మొదటి నుండి మొదలగునో అప్పుడే తేలును. మొదటి లైను తిరిగి వచ్చినంతనే దానికి మారిపోకుండ, కొన్ని నిమిషాలు నిలకడగా ఉన్న తరువాతనే మారునట్లు పెట్టవలెను. లేనిచో సరిగా అతకని తీగ మినుకుమినుకుమన్న ప్రతిసారి సర్వరు అటునిటు ఊగులాడుచుండును. ఈ పరీక్షకు విడుదల వారం, బిల్లుల గడువు వారం కాక వేరొక వారాన్ని ఎంచుకొనవలెను.